ఎన్ని పోలికలు చేశారు?



స్టాటిస్టిక్స్ అంటే లెక్కలవాళ్ల గొడవ అనుకుంటాం. కాని ఏ విత్తనం కొనాలన్న దగ్గరే అది మనకు అవసరపడుతుంది.

ఐదు వరి రకాలను వేసి దిగుబడి చూశారనుకుందాం. ఒకే రకాన్ని నాలుగు మళ్లలో వేసినా దిగుబడి సమానంగా రాదు. నేల, నీరు, తెగులు తేడా తెస్తాయి. అందుకే రకాల మధ్య నిజంగా తేడా లేకపోయినా, కనీసం ఇంత తేడా కనిపించే అవకాశం ఎంతో లెక్కకడతాం. అదే పి-విలువ. అది 5 శాతం కన్నా తక్కువైతే తేడా ఉందంటాం. లేని తేడాను ఉందనడం మొదటి రకపు దోషం.

ఈ 5 శాతం హద్దు ఒక్క పోలికకే. ఐదు రకాలను జతలుగా పోలిస్తే 10 పోలికలవుతాయి. ఒకదానితో ఒకటి సంబంధం లేని 10 పోలికలైతే, ఎక్కడా తేడా లేకున్నా కనీసం ఒకచోట పొరబడే అవకాశం సుమారు 40 శాతం. ఇక్కడ ప్రతి రకమూ నాలుగు జతల్లో వస్తుంది కనుక అది కొంత తగ్గుతుంది. అయినా 25 శాతం దాటుతుంది.

2009లో అమెరికాలో క్రేగ్ బెన్నెట్ బృందం చచ్చిన సాల్మన్ చేపను స్కానర్‌లో పెట్టి మనుషుల ఫొటోలు చూపించింది. మెదడులోని వేల బిందువులను విడివిడిగా పరీక్షిస్తే కొన్ని "స్పందించాయి". పోలికల సంఖ్యకు తగ్గట్టు దిద్దుబాటు చేస్తే ఒక్కటీ మిగల్లేదు.

ఆ దిద్దుబాటుకు సులువైన దారి బోన్‌ఫెరోని పద్ధతి. 5 శాతాన్ని 10తో భాగించి, ప్రతి పోలికకూ 0.5 శాతం హద్దు పెట్టాలి. అప్పుడు మొత్తం మీద పొరబడే అవకాశం 5 శాతం మించదు. అయితే నిజమైన తేడాలు కూడా జారిపోవచ్చు. 1979లో హోమ్ దీన్ని మెరుగుపరిచాడు. పి-విలువలను చిన్నదాని నుంచి వరుసగా పేర్చి, మొదటిదానికి 5 శాతంలో 10వ వంతు, రెండోదానికి 9వ వంతు, ఇలా హద్దు పెంచుకుంటూ పోవాలి. హద్దు తప్పినచోట ఆగాలి. అన్ని జతల సగటులనూ పోల్చాలంటే టుకీ పద్ధతి అనువైనది.

కరపత్రంలో గెలిచిన పోలిక ఒక్కటే అచ్చయితే, మిగతా తొమ్మిదీ మన కంట పడవు. దాన్ని నమ్మి అప్పు తెచ్చి విత్తనం కొనేది మన అమ్మానాన్నలే. మనలో చాలామంది ఇళ్లలో డిగ్రీ దాకా వచ్చింది మనమే మొదలు. వాళ్ల తరఫున ఈ ప్రశ్న మనమే అడగాలి: "మొత్తం ఎన్ని పోలికలు చేశారు?"