డేటాబేస్ పలకనప్పుడు: సర్వర్ ప్రోగ్రాంలో లోపాన్ని వెతికే పద్ధతి

విద్యార్థులారా! గత పాఠాలలో కంప్యూటర్ నెట్‌వర్క్ అంటే ఏమిటో, డేటాబేస్ అంటే ఏమిటో విడివిడిగా తెలుసుకున్నాం. ఈ రెండూ కలిసి పనిచేసే చోట తరచుగా ఎదురయ్యే ఒక సమస్యను ఈ పాఠంలో పరిశీలిద్దాం. సర్వర్ మీద ప్రోగ్రాం నడుస్తూనే ఉంటుంది. డేటాబేస్‌లో సమాచారం భద్రంగానే ఉంటుంది. కాని ప్రోగ్రాం డేటాబేస్‌ను చేరలేదు. అప్పుడు లోపం ఎక్కడుందో ఎలా కనిపెట్టాలి?

మొదట ఒక ఉదాహరణ తీసుకుందాం. కోల్‌కతా నగరానికి ఎదురుగా, హుగ్లీ నది పడమటి ఒడ్డున, హౌరా వైపున షాలిమార్ రైల్వే స్టేషన్ ఉంది. ఇది ఆగ్నేయ రైల్వేకు చెందినది. ఒకప్పుడు హౌరా నుంచి బయలుదేరిన కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ఇప్పుడు ఇక్కడి నుంచే బయలుదేరి విశాఖపట్నం, రాజమండ్రి, విజయవాడల మీదుగా చెన్నై వెళుతుంది. ఖరగ్‌పూర్‌లోను, కోల్‌కతా పరిసరాలలోను స్థిరపడిన తెలుగువారు ఎందరో సొంత ఊళ్లకు వెళ్లడానికి ఈ దారిలోని రైళ్లనే ఎక్కుతారు. స్టేషన్ కౌంటర్‌లో టికెట్ అడిగినప్పుడు గుమాస్తా ముందున్న కంప్యూటర్‌లో బెర్తుల పట్టిక ఉండదు. అది దూరంగా ఉన్న ఒక కేంద్రంలోని డేటాబేస్‌లో ఉంటుంది.

రిజర్వేషన్ వ్యవస్థ: కొద్దిగా చరిత్ర

మన దేశంలో రైల్వే రిజర్వేషన్ల కంప్యూటరీకరణ 1985లో న్యూఢిల్లీలో మొదలైంది. 1986లో రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రం, అంటే క్రిస్ సంస్థ, ఏర్పడింది. తొలి రోజుల్లో ఒక్కొక్క నగరం వ్యవస్థ దానికదే వేరుగా ఉండేది. ఆ గోడలను తొలగించడానికి క్రిస్ 'కన్సర్ట్' అనే సాఫ్ట్‌వేర్‌ను రూపొందించి, 1994లో మొదటిసారిగా మన సికింద్రాబాద్‌లోనే అమలుచేసింది. 1999 నాటికి ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ అనే ఐదు కేంద్రాలు ఒకదానితో ఒకటి అనుసంధానమయ్యాయి. ఏ ఊరి కౌంటర్ నుంచైనా ఏ రైలుకైనా టికెట్ తీసుకునే వీలు అలా కలిగింది.

ఈసారి రైలు టికెట్ చేతికి వచ్చినప్పుడు దాని మీది పది అంకెల పీఎన్ఆర్ సంఖ్యను గమనించండి. అందులో మొదటి అంకె ఆ రికార్డు ఏ కేంద్రానికి చెందినదో సూచిస్తుంది. 6 లేదా 7 అయితే కోల్‌కతా కేంద్రం అని అర్థం. మీరు టికెట్ విజయవాడలో కొన్నా, దాని రికార్డు ఉండే చోటు వేరు.

మధ్యలో ఉన్న మెట్లు

టికెట్ అడిగిన మాట డేటాబేస్‌ను చేరడానికి ఎన్ని మెట్లు ఎక్కాలో చూద్దాం. కౌంటర్‌లోని కంప్యూటర్ సర్వర్ ప్రోగ్రాంను అడుగుతుంది. సర్వర్ ప్రోగ్రాం డేటాబేస్ ఉన్న యంత్రం పేరును చిరునామాగా మార్చుకుంటుంది. నెట్‌వర్క్ మీదుగా ఆ చిరునామాకు చేరుతుంది. ఆ యంత్రంలో నిర్ణీత ద్వారాన్ని, అంటే పోర్ట్‌ను తడుతుంది. తన పేరు, సంకేతపదం చెబుతుంది. అనుమతి దొరికిన తర్వాతే ప్రశ్న వేస్తుంది. ఈ మెట్లలో ఏ ఒక్కటి తప్పినా కౌంటర్ దగ్గర కనిపించేది మాత్రం ఒక్కటే: టికెట్ రాలేదు.

కాబట్టి లోపాన్ని వెతకడం అంటే ఊహించడం కాదు. మెట్లను వరసగా పరీక్షించి, ఏ మెట్టు వరకు బాగుందో, ఎక్కడ తెగిందో తేల్చడం. బల్బు వెలగకపోతే ముందు బల్బు, తర్వాత స్విచ్, తర్వాత ఫ్యూజు చూసినట్లే ఇదీను.

రైల్వే వంటి భారీ వ్యవస్థల లోపలి నిర్మాణం చాలా క్లిష్టమైనది. అందువల్ల మన కళాశాల ప్రయోగశాలలో తయారుచేయగల ఒక చిన్న రిజర్వేషన్ ప్రోగ్రాంను నమూనాగా తీసుకుందాం. ఒక యంత్రంలో ప్రోగ్రాం, మరొక యంత్రంలో మైఎస్‌క్యూఎల్ లేదా పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఉన్నాయనుకోండి.

మొదటి పని: దోష సందేశాన్ని పూర్తిగా చదవడం

చాలామంది విద్యార్థులు తెర మీద ఎర్ర అక్షరాలు కనిపించగానే ప్రోగ్రాంను ఆపి మళ్లీ మొదలుపెడతారు. అది తొందరపాటు. దోష సందేశమే మనకు దొరికే మొదటి సాక్ష్యం. సర్వర్‌లోని లాగ్ ఫైలు తెరిచి, ఆ సందేశాన్ని, అది వచ్చిన సమయాన్ని రాసుకోవాలి. సాధారణంగా కనిపించే సందేశాలు ఐదు రకాలు.

1. అన్‌నోన్ హోస్ట్. యంత్రం పేరుకు చిరునామా దొరకలేదని అర్థం. అమరిక ఫైలులో పేరు తప్పుగా రాసి ఉండవచ్చు, లేదా పేర్లను చిరునామాలుగా మార్చే డీఎన్ఎస్ సేవ పనిచేయకపోవచ్చు. ఎన్ఎస్‌లుకప్ అనే ఆదేశంతో దీన్ని పరీక్షించవచ్చు.

2. కనెక్షన్ టైమ్డ్ అవుట్. తలుపు తట్టాం, ఎంతసేపటికీ లోపలి నుంచి ఉలుకూ పలుకూ లేదు. యంత్రానికి కరెంటు లేకపోవచ్చు, తీగ తెగి ఉండవచ్చు, లేదా మధ్యనున్న ఫైర్‌వాల్ మన మాటను మౌనంగా పారవేస్తూ ఉండవచ్చు.

3. కనెక్షన్ రిఫ్యూజ్డ్. ఇది పై దానికి భిన్నమైనది. ఇక్కడ జవాబు వెంటనే వచ్చింది, కాని 'ఈ ద్వారం దగ్గర ఎవరూ లేరు' అని వచ్చింది. అంటే యంత్రం ఉంది, నెట్‌వర్క్ ఉంది. డేటాబేస్ ప్రోగ్రాం ఆగిపోయి ఉండవచ్చు, లేదా వేరే పోర్ట్ దగ్గర కూర్చుని ఉండవచ్చు. కొన్ని ఫైర్‌వాల్‌లు కూడా ఇలాగే తిరస్కరిస్తాయని గుర్తుంచుకోండి.

4. యాక్సెస్ డినైడ్. డేటాబేస్ దాకా చేరాం. పేరో, సంకేతపదమో సరిపోలేదు. లేదా ఆ యంత్రం నుంచి వచ్చే వారికి అనుమతి లేదు. ఇక్కడ తీగలను పరీక్షించడం వృథా ప్రయాస.

5. టూ మెనీ కనెక్షన్స్. డేటాబేస్ బాగానే ఉంది. కాని ఒకేసారి ఎందరికి చోటివ్వగలదో అందరూ అప్పటికే లోపల ఉన్నారు.

సందేశాన్ని సరిగా చదివితే సగం మెట్లను పరీక్షించనవసరమే లేదని గమనించారు కదా!

రెండవ పని: మెట్టు మెట్టుగా పరీక్ష

సర్వర్ ప్రోగ్రాం నడుస్తున్న యంత్రం నుంచే పరీక్షలు చేయాలి. మన బల్ల మీది కంప్యూటర్ నుంచి డేటాబేస్ అందినంత మాత్రాన సర్వర్‌కూ అందుతుందని చెప్పలేం. రెండింటి దారులు వేరు.

పింగ్ ఆదేశంతో యంత్రం పలుకుతుందో లేదో చూడవచ్చు. కాని ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. పింగ్‌కు జవాబు వస్తే యంత్రం ఉందని తెలుస్తుందే గాని డేటాబేస్ నడుస్తోందని తెలియదు. జవాబు రాకపోతే యంత్రం లేదనీ నిర్ధారించలేం. భద్రత కోసం కొందరు పింగ్‌ను మూసివేస్తారు.

అందుకే తర్వాత పోర్ట్‌ను పరీక్షించాలి. మైఎస్‌క్యూఎల్‌కు 3306, పోస్ట్‌గ్రెస్‌కు 5432, ఒరాకిల్‌కు 1521, మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు 1433 సాధారణ పోర్ట్ సంఖ్యలు. టెల్నెట్ ఆదేశానికి యంత్రం పేరు, పోర్ట్ సంఖ్య ఇస్తే ద్వారం తెరిచి ఉందో లేదో తెలుస్తుంది. అది తెరిచే ఉంటే, డేటాబేస్‌తో పాటు వచ్చే చిన్న సాధనంతో, ప్రోగ్రాం వాడే పేరు, సంకేతపదాలతోనే లోపలికి వెళ్లి చూడాలి. అలా వెళ్లగలిగితే నెట్‌వర్క్ నిర్దోషి. తప్పు ప్రోగ్రాంలో గాని, దాని అమరికలో గాని ఉంది.

ప్రయోగశాలలో తరచు ఎదురయ్యే ఒక చిక్కు గురించి చెప్పుకుందాం. మొదట ప్రోగ్రాం, డేటాబేస్ ఒకే యంత్రంలో ఉన్నప్పుడు అమరికలో 'లోకల్‌హోస్ట్' అని రాస్తారు. ఆ మాటకు 'ఈ యంత్రమే' అని అర్థం. తర్వాత డేటాబేస్‌ను వేరే యంత్రానికి మార్చినా ఆ మాట అలాగే ఉండిపోతుంది. అప్పుడు ప్రోగ్రాం తన ఇంట్లోనే డేటాబేస్‌ను వెతుక్కుంటూ ఉంటుంది. దీనికి తోడు, డేటాబేస్ కూడా తన యంత్రంలోంచి వచ్చిన పిలుపులనే వినేటట్లు అమర్చి ఉండవచ్చు. ఈ రెండింటినీ సరిచేస్తేనే పని జరుగుతుంది.

ఉదయం బాగుంది, మధ్యాహ్నం ఆగింది

కొన్ని లోపాలు ఎప్పుడూ ఉండవు. వస్తాయి, పోతాయి. వీటిలో ముఖ్యమైనది కనెక్షన్లు నిండిపోవడం. ప్రత్యేకంగా మార్చకపోతే పోస్ట్‌గ్రెస్ ఒకేసారి 100 కనెక్షన్లను, మైఎస్‌క్యూఎల్ కొత్త రూపాలు 151 కనెక్షన్లను అనుమతిస్తాయి. ప్రతిసారీ కొత్త కనెక్షన్ తెరవడం ఖర్చుతో కూడిన పని. అందుకే ప్రోగ్రాంలు కొన్నింటిని ముందే తెరిచి ఉంచుకుని, అవసరమైనప్పుడు తీసుకుని, పని అయ్యాక తిరిగి ఇస్తాయి. దీన్ని కనెక్షన్ పూల్ అంటారు. గ్రంథాలయంలో పుస్తకాల వంటిదే ఇది. తీసుకున్నవారు తిరిగి ఇవ్వకపోతే అల్మారా ఖాళీ అవుతుంది.

ప్రోగ్రాంలో ఎక్కడో ఒకచోట, ముఖ్యంగా దోషం వచ్చిన సందర్భంలో, కనెక్షన్ తిరిగి ఇవ్వడం మరిచిపోతే ఇదే జరుగుతుంది. పొద్దున అంతా బాగుంటుంది, మధ్యాహ్నానికి ఆగిపోతుంది. ప్రోగ్రాంను మళ్లీ మొదలుపెడితే బాగుపడుతుంది, మర్నాడు అదే కథ. పరిమితిని 100 నుంచి 200కు పెంచితే జబ్బు నయం కాదు, వాయిదా పడుతుంది. డేటాబేస్‌లో ఆ సమయానికి ఎవరెవరు కనెక్షన్ పట్టుకుని ఊరికే ఉన్నారో చూసి, ఆ ప్రోగ్రాం భాగాన్ని సరిచేయాలి. డిస్క్ నిండిపోవడం, సంకేతపదం గడువు తీరడం వంటివి కూడా ఇలా అకస్మాత్తుగానే బయటపడతాయి. 'ఇంతకుముందు పనిచేసింది కదా, ఈలోగా ఏం మారింది?' అనే ప్రశ్న వేసుకోవడం అందుకే అవసరం.

కోయిలాఘాట్ నేర్పిన పాఠం

లోపం ఎప్పుడూ ప్రోగ్రాంలోనే ఉండాలని లేదు. 2021 మార్చి 8 సాయంత్రం కోల్‌కతా స్ట్రాండ్ రోడ్డులోని న్యూ కోయిలాఘాట్ భవనం 13వ అంతస్తులో అగ్నిప్రమాదం జరిగింది. అందులో రైల్వే కార్యాలయాలు ఉన్నాయి. మంటలు ఆర్పడానికి వెళ్లిన అగ్నిమాపక సిబ్బందితో సహా తొమ్మిది మంది ప్రాణాలు కోల్పోయారు. విద్యుత్ సరఫరా నిలిపివేయడంతో తూర్పు భారతంలో కంప్యూటర్ టికెట్ల జారీకి అంతరాయం కలిగింది.

ఇటువంటి సమయంలో దూరాన ఉన్న ఒక కౌంటర్‌ను ఊహించుకోండి. అక్కడి కంప్యూటర్ వెలుగుతూనే ఉంటుంది. దాన్ని ఎన్నిసార్లు ఆపి తెరిచినా ప్రయోజనం ఉండదు. తెగిన మెట్టు నదికి ఆవలి ఒడ్డున ఉంది. డేటాబేస్ ప్రతిని వేరొక నగరంలో, వేరొక విద్యుత్ సరఫరా మీద ఉంచాలని నిపుణులు చెప్పడానికి కారణం ఇదే. ప్రాణాల విలువ ముందు టికెట్లు స్వల్పమే. అయినా ఆసుపత్రికో, పరీక్షకో వెళ్లవలసిన ప్రయాణికుడికి ఆ టికెట్ స్వల్పం కాదు.

మళ్లీ ప్రయత్నించవచ్చా?

కనెక్షన్ దొరకనప్పుడు ప్రోగ్రాం తానే మళ్లీ ప్రయత్నించేలా రాయవచ్చు. అయితే క్షణం క్షణం తట్టకూడదు. ఒక సెకను, రెండు సెకన్లు, నాలుగు సెకన్లు అంటూ వ్యవధి పెంచుతూ పోవాలి. లేకపోతే అప్పుడే లేచిన డేటాబేస్ మీద వందల ప్రోగ్రాంలు ఒక్కసారిగా పడి మళ్లీ పడగొడతాయి.

ఇంతకంటే సున్నితమైన సందర్భం ఒకటుంది. 'ఈ బెర్తు ఈ ప్రయాణికుడికి ఖాయం చెయ్యి' అని పంపాం. జవాబు వచ్చేలోగా కనెక్షన్ తెగింది. బెర్తు ఖాయమైందా, కాలేదా? ప్రోగ్రాంకు తెలియదు. గుడ్డిగా మళ్లీ పంపితే ఒకే మనిషికి రెండు బెర్తులు, రెండుసార్లు డబ్బు. పంపకపోతే డబ్బు కట్టినా టికెట్ లేకపోవచ్చు. దీనికి పరిష్కారం ప్రతి అభ్యర్థనకు ఒక ప్రత్యేక సంఖ్య ఇవ్వడం. కనెక్షన్ తిరిగి రాగానే 'ఈ సంఖ్య గల పని జరిగిందా?' అని ముందు అడగాలి. జరగలేదని తేలితేనే మళ్లీ పంపాలి. ఆ సంఖ్య రెండోసారి వస్తే అంగీకరించకుండా డేటాబేస్‌లోనే కట్టడి చేయాలి. కన్సర్ట్ వ్యవస్థలో రిలయబుల్ ట్రాన్సాక్షన్ రూటర్ అనే మధ్యస్థ సాఫ్ట్‌వేర్‌ను వాడారు. దారి మధ్యలో తెగినా లావాదేవీ పోకుండా, రెండుసార్లు జరగకుండా చూడడమే అటువంటి సాఫ్ట్‌వేర్ ఉద్దేశం.

ఈ పాఠంలో తెలుసుకున్నవి

దోష సందేశాన్ని ముందుగా చదివి రాసుకోవాలి. పేరు, దారి, ద్వారం, అనుమతి, చోటు అనే ఐదింటిని వరసగా పరీక్షించాలి. ఒకసారి ఒక్క మార్పే చేయాలి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. కారణం తేలిన తర్వాతే బాగుచేయాలి, బాగుచేసిన దాన్ని రాసి ఉంచాలి.

అభ్యాసం

1. కనెక్షన్ రిఫ్యూజ్డ్, కనెక్షన్ టైమ్డ్ అవుట్ సందేశాలకు గల భేదాన్ని వివరించండి.
2. పింగ్‌కు జవాబు వచ్చినా డేటాబేస్ అందకపోవడానికి మూడు కారణాలు రాయండి.
3. మీ ప్రయోగశాలలో డేటాబేస్‌ను కావాలని ఆపి, తర్వాత సంకేతపదం మార్చి, తర్వాత యంత్రం పేరు తప్పుగా రాసి, ఒక్కొక్కసారి వచ్చే సందేశాన్ని నమోదు చేయండి.
4. ఒకే బెర్తు ఇద్దరికి అమ్ముడుపోకుండా ఉండాలంటే కనెక్షన్ తెగినప్పుడు ప్రోగ్రాం ఏ క్రమంలో నడవాలో పటం గీసి చూపండి.