ఎముకలు విరిగినవారికి శస్త్రచికిత్స అనంతరం చీము పట్టకుండా తీసుకోవలసిన జాగ్రత్తలు

విరిగిన ఎముకలకు ప్లేట్లు, స్క్రూలు, రాడ్లు అమర్చే శస్త్రచికిత్సలు నేడు జిల్లా స్థాయి ఆసుపత్రులలో సైతం జరుగుతున్నాయి. కేంద్ర రహదారి రవాణా మంత్రిత్వ శాఖ గణాంకాల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 ప్రమాదాలు సంభవించగా 1,68,491 మంది మరణించారు. 4,43,366 మంది గాయపడ్డారు. క్షతగాత్రులకు శస్త్రచికిత్స సక్రమంగానే జరిగినా, గాయం చీము పట్టినట్లయితే ఎముక అతకడం కష్టమవుతుంది. మళ్లీ మళ్లీ శస్త్రచికిత్సలు చేయవలసి వస్తుంది. రెక్కల కష్టంపై ఆధారపడిన కుటుంబానికి నెలల తరబడి ఆదాయం ఉండదు. కొన్ని సందర్భాలలో కాలు తొలగించక తప్పని పరిస్థితి కూడా ఏర్పడుతుంది.

శరీరంలో అమర్చిన లోహం సూక్ష్మక్రిములకు ఆశ్రయంగా మారడమే ఇందుకు ప్రధాన కారణం. ముఖ్యంగా స్టెఫిలోకాకస్ జాతి బ్యాక్టీరియా లోహానికి అంటుకొని తమ చుట్టూ జిగురు పొరను ఏర్పరచుకుంటాయి. ఆ పొరలోని క్రిములపై యాంటీబయాటిక్ మందులు గాని, రక్తంలోని తెల్లకణాలు గాని అంతగా పనిచేయవు. చర్మంలో చీము పుట్టడానికి లక్షలాది క్రిములు అవసరం కాగా, అక్కడ ఒక పట్టుదారపు కుట్టు ఉన్నట్లయితే కొన్ని వందలే చాలునని 1957లో ఎలెక్, కోనెన్ అనే శాస్త్రవేత్తలు నిరూపించారు. దారం విషయమే ఇలా ఉండగా, లోహపు పలక అమర్చినప్పుడు మరెంత జాగ్రత్త అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు.

చర్మం చీల్చుకొని ఎముక బయటపడిన విరుపులలో ఈ ప్రమాదం అధికం. గస్టిలో, ఆండర్సన్ అనే వైద్యులు 1976లో వీటిని మూడు తరగతులుగా విభజించారు. మొదటి తరగతిలో చీము పట్టే అవకాశం స్వల్పం. మూడవ తరగతిలో అది అనేక రెట్లు పెరుగుతుంది. చర్మం, ఎముక, కండరాల నష్టాన్ని విడివిడిగా అంచనా వేసే పద్ధతిని కోయంబత్తూరులోని గంగా ఆసుపత్రి వైద్యులు 2006లో ప్రచురించారు.

ఇటువంటి గాయాలను ఆరు గంటలలోగా శస్త్రచికిత్స ద్వారా శుభ్రపరచి తీరాలన్న నియమం చాలాకాలం అమలులో ఉన్నది. దీనికి మూలం 1898లో గినీ పందులపై ఫ్రెడ్రిక్ జరిపిన ప్రయోగాలు. మట్టి, పేడ, మురుగునీరు చేరిన గాయాలకు, రక్తనాళాలు తెగిన గాయాలకు తక్షణ శస్త్రచికిత్స నేటికీ తప్పనిసరి. మిగిలిన వాటిని 24 గంటలలోగా అనుభవజ్ఞులైన వైద్యులు శుభ్రపరచవచ్చునని ప్రస్తుతం భావిస్తున్నారు. అయితే మొదటి యాంటీబయాటిక్ ఇంజెక్షన్ విషయంలో ఆలస్యం తగదు. సాధ్యమైనంతవరకు దానిని గాయపడిన గంటలోపే ఇవ్వవలసి ఉంటుంది. క్షతగాత్రుని పెద్దాసుపత్రికి పంపడానికి ముందే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఈ ఇంజెక్షన్, ధనుర్వాతం టీకా ఇచ్చి, గాయాన్ని శుభ్రమైన తడి గుడ్డతో కప్పి, కాలును కదలకుండా బద్దలతో కట్టినట్లయితే సగం పని పూర్తయినట్లే. గాయంపై పసుపు, కాఫీపొడి, ఆకు పసరు అద్దే అలవాటు మాత్రం హాని కలిగిస్తుంది.

గాయాన్ని కడగడానికి ఖరీదైన యంత్రాలు అవసరం లేదు. భారతదేశం సహా అయిదు దేశాలలో జరిగిన ఒక పరిశోధన ఫలితాలు 2015లో వెలువడ్డాయి. సబ్బు ద్రావణంతో కడిగినవారిలో 14.8 శాతం మందికి, మామూలు సెలైన్‌తో కడిగినవారిలో 11.6 శాతం మందికి తిరిగి శస్త్రచికిత్స అవసరమైంది. నీటి ఒత్తిడి ఎక్కువైనా తక్కువైనా ఫలితంలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు.

చర్మంపై పూసే మందు విషయంలో అమెరికా, కెనడాలలో జరిగిన మరొక పరిశోధన 2024లో ప్రచురితమైంది. చర్మం చీలని విరుపులలో ఆల్కహాలుతో కూడిన అయోడిన్ వాడినప్పుడు 2.4 శాతం మందికి, క్లోర్‌హెక్సిడిన్ వాడినప్పుడు 3.3 శాతం మందికి ఇన్ఫెక్షన్ సోకింది. చీలిన విరుపులలో ఈ తేడా స్పష్టంగా నిర్ధారణ కాలేదు.

శస్త్రచికిత్సకు ముందు రేజరుతో గొరగడం చర్మానికి కంటికి కనబడని గాట్లు పెడుతుంది కనుక, అవసరమైతే క్లిప్పరు మాత్రమే వాడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 మార్గదర్శకాలలో సూచించింది. కోతకు ముందే యాంటీబయాటిక్ ఇవ్వాలి. టోర్నికే బిగించిన తరువాత ఇచ్చిన మందు గాయం వద్దకు చేరదు. శస్త్రచికిత్స ముగిశాక "ఎందుకైనా మంచిది" అని రోజుల తరబడి ఇంజెక్షన్లు కొనసాగించే ఆనవాయితీని ఆ మార్గదర్శకాలు సమర్థించలేదు. దానివలన ఖర్చుతోపాటు మందులకు లొంగని క్రిములు పెరుగుతాయి. మోకాలు, చీలమండ వద్ద తీవ్రమైన విరుపులలో వాపు తగ్గి చర్మంపై ముడతలు కనిపించేవరకు వేచి ఉండటం మేలు. అంతవరకు బయటి నుంచి కడ్డీలతో ఎముకను నిలిపి ఉంచుతారు. మధుమేహాన్ని అదుపులో ఉంచడం, పొగతాగడం మానడం రోగి చేతిలోని జాగ్రత్తలు.

లోహం అమర్చినచోట ఇన్ఫెక్షన్ వారాల తరువాత కూడా బయటపడవచ్చు. అందువలన ఇటువంటి రోగులను 90 రోజులపాటు గమనించడం అంతర్జాతీయ పద్ధతి. రోగి ఇంటికి వెళ్లిన రోజునే రిజిస్టరు మూసివేసే ఆసుపత్రిలో చీము కేసులు తక్కువగా నమోదు కావడంలో ఆశ్చర్యం లేదు. రోడ్డు ప్రమాద బాధితులకు 2025లో కేంద్రం నోటిఫై చేసిన నగదు రహిత చికిత్స పథకం ఏడు రోజుల వరకు, రూ.1.5 లక్షల పరిమితితో వర్తిస్తుంది. ఆ గడువు దాటాక తలెత్తే చీముకు చికిత్స వ్యయం ఎవరు భరించాలన్నది అధికారులు ముందుగానే ఆలోచించవలసిన అంశం.

కుట్ల వద్ద ఎరుపు, స్రావం, తగ్గని జ్వరం, రోజురోజుకూ పెరిగే నొప్పి కనిపించిన వెంటనే రోగి శస్త్రచికిత్స చేసిన వైద్యుని సంప్రదించాలి. సొంతంగా మందుల దుకాణంలో మాత్రలు కొని వాడినట్లయితే క్రిమిని గుర్తించే పరీక్ష విఫలమయ్యే అవకాశం ఉంది. నిర్ధారణకు గాయం లోపల కనీసం అయిదు చోట్ల నుంచి నమూనాలు సేకరించి, ప్రయోగశాలకు పంపవలసి ఉంటుంది.