సగం ధర అంటే నిజంగా సగమేనా? నగరంలో బ్రాండ్ ఔట్‌లెట్లకు వెళ్లే ముందు

రంజాన్ ఆఖరి పది రోజులు వచ్చాయంటే టోలిచౌకి, మెహిదీపట్నం వైపు రాత్రి పదింటికి కూడా బండి పెట్టుకోవడానికి చోటు దొరకదు. పెళ్లిళ్ల సీజన్‌లో కూకట్‌పల్లి సంగతీ అంతే. అత్తాపూర్‌లో ఎక్స్‌ప్రెస్‌వే పిల్లర్ల పక్కన పోతుంటే వరసగా బోర్డులే: ఫ్యాక్టరీ ఔట్‌లెట్, ఫ్లాట్ 50, రెండు కొంటే రెండు ఫ్రీ. బయటి దేశాల్లో ఉన్నట్టు ఊరి చివర ఒకే ప్రాంగణంలో కట్టిన ఔట్‌లెట్ మాల్ సంస్కృతి మన దగ్గర ఇంకా అంతగా లేదు. ఇక్కడ రోడ్డే మాల్.

మొన్నటి పండక్కి మేమూ వెళ్లాం. ఇంట్లో నలుగురు మగపిల్లలకు నాలుగు షర్టులు. ట్యాగు మీద 3,999, కొట్టేసి 1,999. నాలుగూ కలిపి 7,996. కౌంటర్ దగ్గర బిల్లు చూస్తే 8,395 రూపాయల 80 పైసలు. ఇదేంటి భాయ్ అంటే, ‘డిస్కౌంట్ ధర మీద జీఎస్టీ ఎక్స్‌ట్రా సార్, అందరికీ అంతే’ అన్నాడు. వెనక లైను పెద్దగా ఉంది, పిల్లలు ఇఫ్తార్ టైమ్ అవుతోందని లాగుతున్నారు, కట్టేసి వచ్చాం. దాదాపు 400 రూపాయలు. చిన్నోడికి చెప్పులు వచ్చేవి.

అసలు విషయం ఇంటికొచ్చాక తెలిసింది. ఎంఆర్‌పీ అంటేనే అన్ని పన్నులూ కలిపిన గరిష్ఠ ధర. ట్యాగు మీద కూడా ఆ మాటే రాసి ఉంటుంది. ఆ ధరలో సగం తగ్గిస్తాం అని బోర్డు పెట్టాక, తగ్గించిన ధరలో కూడా పన్ను ఉన్నట్టే లెక్క. దాని మీద మళ్లీ పన్ను వేయడం కుదరదు. ఇది నా సొంత వాదన కాదు. వ్యాట్ రోజుల్లో, ఒక పెద్ద బ్రాండ్ 40 శాతం తగ్గింపు ఇచ్చి పైన పన్ను వేసిన కేసులో జాతీయ వినియోగదారుల కమిషన్ 2017 జనవరిలో ఇది అనుచిత వ్యాపార పద్ధతి అని తేల్చింది. ‘పన్నులు అదనం’ అని ప్రకటనలో రాశాం కదా అన్న వాదన కూడా నిలబడలేదు.

కాబట్టి కౌంటర్ దగ్గర గొడవ పెట్టుకోనక్కర్లేదు, ట్యాగు చూపించి మేనేజర్‌ని పిలవమంటే చాలు. రెండోసారి వెళ్లినప్పుడు అలాగే చేశాను, మాట్లాడకుండా తీసేశారు. తీయకపోతే ట్యాగుకు, బిల్లుకు ఫోటో తీసుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. తెలుగులో కూడా మాట్లాడతారు.

పన్ను రేటు కూడా తెలిసి ఉంటే మంచిది. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఒక్కో బట్టకు అమ్మకం విలువ 2,500 వరకు ఉంటే 5 శాతం, అది దాటితే 18 శాతం. చెప్పులు, బూట్లకు కూడా జత 2,500 దాటితే అంతే. ఇక్కడ చూసేది పాత ట్యాగు ధర కాదు, అమ్మిన ధర. 4,000 ట్యాగు ఉన్న కుర్తా మీకు 2,000కు వస్తే దానికి 18 శాతం వేశామని చెప్పడం తప్పు.

ఇంకో లెక్క: ‘50+20’ అని రాస్తే చాలామంది 70 శాతం అనుకుంటారు. ముందు సగం పోయి, మిగిలిన సగంలో 20 శాతం పోతుంది. మొత్తం 60.

ఇక సరుకు సంగతి. ఔట్‌లెట్‌కి వచ్చేదంతా ఒకటే రకం కాదు. పోయిన సీజన్‌లో షోరూమ్‌లో మిగిలినది ఒకటి. అందులో మధ్య సైజులు ముందే అమ్ముడుపోతాయి కాబట్టి బాగా చిన్నవి, బాగా పెద్దవి ఎక్కువ కనిపిస్తాయి. చిన్న లోపం ఉన్న ‘సెకండ్స్’ మరొకటి. విదేశీ ఆర్డర్లలో మిగిలిన ఎక్స్‌పోర్ట్ సర్‌ప్లస్ మూడోది. నాలుగోదాని గురించే జనానికి తెలియదు: ఔట్‌లెట్ కోసమే తయారు చేసే సరుకు. బ్రాండ్ అదే, కానీ షోరూమ్‌లో అది ఎప్పుడూ వేలాడలేదు. గుడ్డ పల్చన, కుట్టు తేలిక, ‘అసలు ధర’ అని కొట్టేసిన అంకెకు ఎవరూ ఎప్పుడూ కొనలేదు. అమెరికాలో దీని మీద 2014లో నలుగురు చట్టసభ సభ్యులు అక్కడి ట్రేడ్ కమిషన్‌కు లేఖ కూడా రాశారు. నేరం అని నేను అనను, మంచి సరుకు కూడా ఉంటుంది. కానీ దాన్ని 1,999 సరుకుగానే చూడాలి, 3,999 సరుకు సగానికి వచ్చిందని మురిసిపోకూడదు.

ఎలా పట్టుకోవాలి? తిరగేసి చూడండి. లోపలి కుట్టు దగ్గరగా, తిన్నగా ఉందా, దారాలు వేలాడుతున్నాయా. చారల షర్టు అయితే జేబు దగ్గర చారలు కలిశాయా. స్పేర్ బటన్ ఉందా. జిప్పు మూడు నాలుగు సార్లు లాగి చూడండి. చాలా ట్యాగుల మీద తయారీ నెల, సంవత్సరం ఉంటుంది. ‘పోయినేడాది కలెక్షన్’ అంటూ ఈ నెల తేదీ ఉంటే అర్థం చేసుకోవాలి. ఒకే బ్రాండ్ షర్టును ముందు షోరూమ్‌లో చేత్తో పట్టుకుని, తర్వాత ఔట్‌లెట్‌కి పోతే తేడా వేళ్లకే తెలిసిపోతుంది.

నకిలీ గొడవ వేరే. ‘ఫస్ట్ కాపీ’ అని చెప్పి అమ్మేవాడు కనీసం నిజం చెబుతున్నాడు, ఔట్‌లెట్ బోర్డు కింద కాపీ అమ్మేవాడితోనే ఇబ్బంది. బిల్లు మీద 15 అంకెలు, అక్షరాల జీఎస్టీ నంబర్ ఉండాలి. తెలంగాణ దుకాణమైతే అది 36తో మొదలవుతుంది. జీఎస్టీ పోర్టల్‌లో కొడితే ఎవరి పేరు మీద ఉందో రెండు నిమిషాల్లో వస్తుంది. కచ్చా చీటీ ఇస్తే అక్కడే వదిలేసి రావడం మేలు.

‘నో ఎక్స్‌ఛేంజ్, నో రిటర్న్’ అన్న స్టాంపుకు భయపడి చాలామంది చినిగిన బట్టను ఇంట్లోనే పడేస్తారు. సైజు సరిపోలేదు, రంగు నచ్చలేదు అంటే దుకాణం వాళ్ల ఇష్టం. కానీ లోపం ఉన్న సరుకు వేరు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో వెనక్కి తీసుకోవడానికి నిరాకరించడం అనుచిత పద్ధతే. సెకండ్స్ అని ముందే చెప్పి, లోపం చూపించి అమ్మితే మాత్రం తర్వాత అదే లోపం గురించి వాదించడం కష్టం.

పెళ్లి బట్టల దగ్గర నా అభిప్రాయం కొంచెం వేరు. ప్యాంటు పొడవు, నడుము మన దర్జీ సరిచేస్తాడు. షేర్వానీ భుజం తేడా వస్తే ఎవరూ ఏమీ చేయలేరు, మొత్తం విప్పాల్సిందే. డిజైనర్ పేరుతో సగం ధరకు వచ్చిన షేర్వానీ వెనకవైపు చూడండి: దారాలు ఒకేలా, మెషీన్ వరసల్లో ఉంటే అది చేతి పని కాదు. పాతబస్తీ కార్ఖానాల్లో జర్దోజీ పని చేసే కారీగర్లు ఇంకా ఉన్నారు. ఖడా దుపట్టా అయితే ఔట్‌లెట్ వైపు పోవడమే అనవసరం. రోజువారీ షర్టులు, జీన్స్, స్పోర్ట్స్ షూస్, పిల్లల బట్టలు, వీటికి మాత్రం ఔట్‌లెట్ బాగానే గిట్టుబాటవుతుంది.

వెళ్లే రోజు కూడా చూసుకోవాలి. ఆదివారం సాయంత్రం పోతే ట్రయల్ రూమ్ లైన్‌లోనే ఓపిక అయిపోతుంది, వారం మధ్యలో పొద్దున్నే పోతే సైజులూ దొరుకుతాయి. జనవరి, జులై సీజన్ మార్పులతో పాటు మన దగ్గర ఆషాఢం ఉంది. హిందువుల ఇళ్లలో పెళ్లిళ్లు ఉండవు, దుకాణాలు ఖాళీ, తగ్గింపులు పెద్దవి. తర్వాతి నెలల్లో నికా ఉన్నవాళ్లు అప్పుడే కొనిపెట్టుకుంటారు.

దుబాయ్‌లో ఉన్న మనవాళ్లకు ఒక మాట. అల్ ఐన్ రోడ్డు మీద దుబాయ్ ఔట్‌లెట్ మాల్, జబల్ అలీ వైపు ఔట్‌లెట్ విలేజ్, రెండూ అసలైన ఔట్‌లెట్ మాల్సే. ఊరికి పోయేముందు చుట్టాల కోసం కొనేవాళ్లు 5 శాతం వ్యాట్ వెనక్కి వస్తుందని లెక్క వేసుకుంటారు. అది టూరిస్టులకే, అదీ కనీసం 250 దిర్హాముల కొనుగోలు ఉంటేనే. అక్కడి రెసిడెన్స్ వీసా మీద పనిచేసేవాళ్లకు రాదు. విజిట్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలు కొంటే వాళ్ల పాస్‌పోర్టు కౌంటర్ దగ్గరే చూపించి రీఫండ్ కోసం బిల్లు నమోదు చేయించుకోవాలి, సామాను చెక్‌ఇన్ చేయకముందే ఎయిర్‌పోర్టులో ఆ పని పూర్తి చేసుకోవాలి.