నాలుగు విడతల చందనం

2020 ఏప్రిల్ 26, అక్షయ తృతీయ. సింహాచలం కొండ మీద అప్పన్న ఆ రోజు నిజరూపంలో ఉన్నాడు. చూడ్డానికి మాత్రం జనం లేరు. చందనం పొరలు తీసిన స్వామి ఏడాదికి ఆ ఒక్క రోజే కనబడతాడు గనుక మామూలుగా ముందు రాత్రి నుంచే క్యూలైన్లు నిండిపోతాయి, లక్షకు పైగా మనుషులు వైశాఖ మాసపు ఎండలో నిలబడతారు. ఆ ఏడు భక్తులను రానివ్వలేదు. లాక్‌డౌన్ మొదలై అది ముప్పై మూడో రోజు. కొద్దిమంది అర్చకులతో చందనోత్సవం ఏకాంతంగా జరిగిపోయింది.

జనాన్ని ఆపారు గానీ చందనాన్ని ఆపలేదు. వరాహ నరసింహుడైన అప్పన్న ఉగ్రం చల్లారడానికే ఈ పూత అని మనవాళ్ల నమ్మకం. ఒకసారి పూసేసి వదిలేస్తే సరిపోదు. అక్షయ తృతీయనాడు మూడు మణుగులు, ఆ తర్వాత వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పౌర్ణములకు మరో మూడేసి మణుగులు. మొత్తం నాలుగు విడతలు, పన్నెండు మణుగులు. అంతా సాన మీద చేత్తో అరగదీయాల్సిందే. ఆ ఏడాది ఆషాఢ పౌర్ణమికి ముప్పై రెండు కిలోమీటర్ల గిరి ప్రదక్షిణ రద్దయింది. చందనం అరగదీత కాలేదు.

ఆ నెలల్లో ఊరంతా ఒకే మాట నడిచింది: 'అన్నీ ఆగిపోయాయి' అని. నిజానికి ఏవి ఆగాయి, ఏవి ఆగలేదు, ఆగకూడనివి ఆగితే ఏమయింది? విశాఖలో ఈ ప్రశ్నలకు జవాబులు ఇటుకల్లో, కండరాల్లో, ఒక రసాయనపు ట్యాంకులో దొరుకుతాయి.

ముందు, ఎందుకు ఆపవలసి వచ్చిందో చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో తొలి కరోనా కేసు మార్చి 12న నెల్లూరులో బయటపడింది. వారం తిరిగేసరికి 19న విశాఖలో మొదటి కేసు. మందు లేదు, టీకా లేదు. ఉన్నదల్లా పాత ఉపాయం. ఇంట్లో పిల్లకు ఆటలమ్మ పోస్తే గుమ్మానికి వేపమండలు కట్టి, పక్కింటి పిల్లల్ని రానివ్వకుండా మన అమ్మమ్మలు చేసిందే అది. వైరస్‌కు కాళ్లు లేవు. ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి చేరితేనే దాని వంశం సాగుతుంది. చేరేలోపు గొలుసు తెగితే అక్కడితో సరి. ఒంట్లోకి దిగాక లక్షణాలు కనబడడానికి సగటున ఐదు రోజులు పడుతుందనీ, లక్షణాలు వచ్చేవాళ్లలో నూటికి తొంభై ఏడుగురికి పైగా పన్నెండు రోజుల్లోపే తేలిపోతారనీ ఆ మార్చిలోనే పరిశోధకులు లెక్కగట్టారు. పద్నాలుగు రోజుల క్వారంటైన్ ఆ లెక్కకు కాస్త జాగ్రత్త కలిపి పెట్టుకున్నది.

ఇంతవరకూ బాగానే ఉంది. పేరు దగ్గరే తప్పు పడింది. 'సామాజిక దూరం' అన్నారు. దూరం కావలసింది ఒంటికి, సమాజానికి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మార్చిలోనే 'భౌతిక దూరం' అనడం మొదలుపెట్టింది. కానీ అప్పటికే మొదటి మాట మైకుల్లో ఊరూరా తిరిగేసింది.

'వర్క్ ఫ్రం హోమ్' అన్నది కూడా మా వైపు చాలా ఇళ్లకు అక్కరకు రాని మాట. మా వీధిలో ఒకాయన స్టీల్ ప్లాంటులో కోక్ ఓవెన్ల దగ్గర కాంట్రాక్టు పని చేస్తాడు. లాక్‌డౌన్‌లోనూ సి షిఫ్టుకు బయల్దేరుతుంటే మేడ మీంచి అడిగాను, ఇప్పుడు కూడా ఎందుకని. "బ్యాటరీ సల్లారితే ఇటికలు పగిలిపోతాయి బావూ. మనం పడుకున్నా అది పడుకోకూడదు" అన్నాడు.

ఆయన చెప్పింది అక్షరాలా శాస్త్రం. బ్యాటరీ అంటే బొగ్గును కోక్‌గా మార్చే ఓవెన్ల వరస. వాటి గోడలు సిలికా ఇటుకలవి. వెయ్యి డిగ్రీలకు పైబడిన వేడిలో దశాబ్దాలు నిబ్బరంగా నిలుస్తాయి. చల్లారనిస్తేనే చిక్కు. ఉష్ణోగ్రత కొన్ని వందల డిగ్రీలకు దిగేసరికి సిలికా స్ఫటికాల అమరిక మారిపోతుంది, దాంతో ఇటుక పరిమాణమూ మారుతుంది, గోడ బీటలు వారుతుంది. బ్లాస్ట్ ఫర్నేసులదీ అదే కథ. ఇక్కడి మూడింటికీ గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు. అడుగున ఇనుము 1,500 డిగ్రీల దగ్గర ద్రవంగా ఉంటుంది. ముందస్తు ఏర్పాటు లేకుండా గాలి ఆపేస్తే లోపలే గడ్డకట్టుకుపోతుంది. కొన్నాళ్లు ఆపాలన్నా కోక్ అదనంగా వేసి, గాలి గొట్టాలు మూసి, లోపలి వేడి నిలిచేలా చూడాలి. దీన్ని బ్యాంకింగ్ అంటారు. అంటే ఫర్నేసును ఆపడానికే ఎంతో పని చేయాలి. 2020 మార్చి 24న కేంద్రం ఇచ్చిన లాక్‌డౌన్ ఉత్తర్వుల్లోనే, నిరంతరం నడవాల్సిన పరిశ్రమలకు రాష్ట్ర ప్రభుత్వ అనుమతితో మినహాయింపు ఉంది.

ఒంటికీ అలాంటి మినహాయింపు రాసి ఉంటే బాగుండేది. తొలి లాక్‌డౌన్ 21 రోజులు. విచిత్రంగా వైద్యచరిత్రలో అన్ని రోజుల ప్రయోగమే ఒకటుంది. 1966లో అమెరికాలోని డాలస్‌లో ఐదుగురు ఇరవయ్యేళ్ల కుర్రాళ్లను మూడు వారాలు మంచం దిగకుండా పడుకోబెట్టారు. లేచేసరికి, గట్టిగా శ్రమించేటప్పుడు ఒళ్లు వాడుకోగల ఆక్సిజన్ నూటికి 28 వంతులు పడిపోయింది. ముప్పై ఏళ్ల తర్వాత అదే ఐదుగురిని మళ్లీ పరీక్షించారు. ముప్పై ఏళ్ల వయసు తెచ్చిన నష్టం కన్నా ఆ మూడు వారాల పడక తెచ్చిన నష్టమే ఎక్కువని తేలింది. మనం మంచానికి అతుక్కుపోలేదు, నిజమే. కానీ రోజూ బస్టాపు దాకా, ఫ్యాక్టరీ గేటు దాకా, సంత దాకా నడిచిన నడకంతా ఒక్కసారి పోయింది. మేడ మీద పొద్దున్నే చుట్లు కొట్టినవాళ్లను చూసి నవ్వుకున్న మాట వాస్తవం. తెలివైన పని చేసింది వాళ్లే.

వాళ్లకు తెలియకుండా ఇంకో మేలు కూడా జరిగింది. 'ఇవాళ ఏం వారం?' అని ఆ రోజుల్లో ఎన్నిసార్లు అడిగామో గుర్తుందా? మిషెల్ సిఫ్ర్ అనే ఫ్రెంచి భూగర్భ శాస్త్రవేత్త 1962లో తన ఇరవై మూడో ఏట, గడియారం లేకుండా ఆల్ప్స్ కొండల్లో ఒక గుహలోకి దిగి ఒంటరిగా రెండు నెలలు ఉన్నాడు. బయటి నుంచి పిలిచి రమ్మన్న రోజు సెప్టెంబరు 14. ఆయన లెక్కలో అది ఆగస్టు 20. ఇరవై ఐదు రోజులు ఎటు పోయాయో ఆయనకే తెలియదు. మన మెదడులో ఒక గడియారం ఉంది. సగటున దానికి రోజంటే ఇరవై నాలుగు గంటల కన్నా కొద్ది నిమిషాలు ఎక్కువ. ప్రతి ఉదయం దాన్ని సరిచేసేది కంట్లో పడే వెలుతురు. కంటి తెరలోని కొన్ని కణాలు చూపు కోసం కన్నా, తెల్లవారిందని మెదడుకు చెప్పడానికే ఎక్కువగా పనిచేస్తాయి. నీలపు వెలుగుకు అవి బాగా స్పందిస్తాయి. తలుపులు వేసుకుని పదింటికి లేచి, అర్ధరాత్రి దాకా ఫోను ముఖానికి పెట్టుకుంటే ఆ కణాలకు అందే కబురు తలకిందులవుతుంది. గడియారం జారుతుంది, నిద్ర దాని వెంటే పోతుంది. ఉదయం మేడ ఎక్కినవాళ్లు రోజూ దాన్ని సరిచేసుకున్నారు.

ఇక ఒంటరితనం. దీన్ని మనసు బలహీనతగా కొట్టిపారేసేవాళ్లు మన ఇళ్లలో బోలెడుమంది. 2020 చివర్లో అమెరికా పరిశోధకులు ప్రచురించిన ఫలితం వాళ్లకు చెప్పాలి. నలభై మందిని ఒక రోజు పది గంటలు తిండి లేకుండా, మరో రోజు పది గంటలు మనిషి ముఖం, మాట, ఫోను ఏవీ లేకుండా ఉంచారు. తర్వాత మెదడును స్కాన్ చేస్తూ బొమ్మలు చూపించారు. ఆకలిగా ఉన్నప్పుడు తిండి బొమ్మకు నడిమెదడులో ఏ చోటు స్పందించిందో, ఒంటరిగా ఉన్నాక మనుషులు కలిసి ఉన్న బొమ్మకూ ఆ చోటే స్పందించింది. మనిషి కోసం మనిషి పడే తపన ఒక రకం ఆకలేనన్నమాట. అంతకు పదేళ్ల ముందు, 2010లో, 148 అధ్యయనాల్లోని మూడు లక్షల మందికి పైగా లెక్కలు కలిపి చూశారు. నలుగురితో గట్టి సంబంధాలున్నవాళ్లు ఆ అధ్యయనాలు సాగినంత కాలం బతికి ఉండే అవకాశం, లేనివాళ్ల కన్నా యాభై శాతం ఎక్కువని తేలింది.

ఈ ఆకలి అందరికన్నా ఎక్కువ ఎరిగినవాళ్లు మన తీరం మత్స్యకారులు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల నుంచి గుజరాత్‌లోని వేరావల్‌కు వేటకు వెళ్లి, నాలుగు వేల మందికి పైగా అక్కడ చిక్కుబడిపోయారు. రేవులో లంగరు వేసిన బోట్లలోనే నెల రోజులు. ఏప్రిల్ చివర్లో బస్సులెక్కి రోజుల తరబడి ప్రయాణం చేసి వచ్చారు. తీరా వస్తే నేరుగా ఇంటికి పోవడానికి లేదు, మళ్లీ క్వారంటైన్. బోటులో ఒంటరితనం కన్నా, ఊరి పొలిమేరలో ఆగిన ఒంటరితనమే వాళ్లను ఎక్కువ కుంగదీసి ఉంటుందని నాకనిపిస్తుంది. 2020 ఫిబ్రవరిలో లాన్సెట్ పత్రికలో పాత క్వారంటైన్ల మీద ఒక సమీక్ష వచ్చింది. మనసును దెబ్బతీసేవిగా అది పట్టిక వేసినవి ఇవి: గడువు పొడవడం, అంటుకుంటుందన్న భయం, తోచకపోవడం, సరుకులు అందకపోవడం, సరైన కబురు లేకపోవడం, డబ్బు నష్టం, వెలివేసినట్టు చూడటం. వీటిలో వైరస్ చేతిలో ఉన్నవి ఎన్ని? మిగిలినవన్నీ సాటి మనుషులూ అధికారులూ దిద్దగలిగినవే.

ఇప్పుడు ట్యాంకు సంగతి. మే 7 తెల్లవారుజామున మూడు గంటల వేళ, సింహాచలానికి కొన్ని కిలోమీటర్ల దూరంలో, గోపాలపట్నం పక్కన ఆర్ఆర్ వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీద పడింది. నిద్రలో ఉన్నవాళ్లు నిద్రలోనే స్పృహ తప్పారు, లేచి పరుగెత్తినవాళ్లు దారిలో కూలిపోయారు. పన్నెండు మంది పోయారు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. ఆ రాత్రి గురించి మాట్లాడేటప్పుడు మా వైపు ఇప్పటికీ గొంతు తగ్గిస్తారు.

స్టైరీన్ ఒంటరిగా ఉండలేని అణువు. పక్కదాని చెయ్యి పట్టుకుంటుంది, అది ఇంకోదాని చెయ్యి పట్టుకుంటుంది. అలా గొలుసు కట్టి పాలీస్టైరీన్ అవుతుంది. మనకు తెలిసిన థర్మాకోల్ అదే. గొలుసులో ఒక్కో కొక్కెం పడినప్పుడల్లా కొంచెం వేడి పుడుతుంది. వేడి పెరిగితే కొక్కేలు ఇంకా వేగంగా పడతాయి. అందుకే నిల్వ ఉంచినంత కాలం దాన్ని చల్లగా ఉంచాలి, కలియబెడుతుండాలి, టీబీసీ అనే నిరోధకాన్ని పది పదిహేను పీపీఎంల మేర కలిపి ఉంచాలి. గొలుసు మొదలుపెట్టబోయే కణాన్ని పట్టుకుని చల్లార్చేది టీబీసీయే. ఆ పని చేస్తూ చేస్తూ అది తరిగిపోతుంది, ఎండాకాలం మరీ తొందరగా. కనుక పరీక్షిస్తూ మళ్లీ మళ్లీ పోయాలి.

లాక్‌డౌన్‌లో ఉత్పత్తి లేదు, స్టైరీన్ మాత్రం వారాల తరబడి ట్యాంకులో కదలకుండా ఉంది. రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ నివేదికలో మూడు విషయాలు నన్ను వదలవు. చల్లబరిచే యంత్రాన్ని రాత్రిళ్లు ఆపేసేవారు. టీబీసీ నిల్వ లేదు. ఉష్ణోగ్రత కొలిచే సాధనం ట్యాంకు అడుగున మాత్రమే ఉంది. వేడి ద్రవం పైకి తేలుతుంది, చల్లనిది కిందనే ఉంటుంది. అడుగు కొలత చూసినవాళ్లకు అంతా సవ్యంగానే కనబడింది. పైన మాత్రం కాగిపోతోంది. స్టైరీన్ మరిగే స్థానం 145 డిగ్రీలు. దాని ఆవిరి గాలి కన్నా మూడున్నర రెట్లు బరువు గనుక పైకి పోక, నేలబారుగా ఇళ్లలోకి పాకింది. ముఖానికున్న గుడ్డ మాస్కు తుంపరలను ఆపుతుందే గానీ ఆవిరి అణువులను ఆపలేదు. సైరనూ మోగలేదు.

ఆగిపోయి ఉన్న ట్యాంకు కదా, ఏమవుతుందిలే అనుకోవడంలోనే ప్రమాదమంతా ఉంది. మిగిలిన దాదాపు 13,000 టన్నుల స్టైరీన్‌ను ఆ నెలలోనే ఓడల్లో దక్షిణ కొరియాకు తిప్పి పంపారు. ప్రమాదం జరిగిన రెండు రోజులకు, మే 9న, జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ దేశంలోని ఫ్యాక్టరీలన్నిటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో ముఖ్యమైనది: తెరిచాక మొదటి వారాన్ని పరీక్షాకాలంగా చూడండి, ఒక్కసారిగా పూర్తి ఉత్పత్తికి పోవద్దు.

ఈ సలహా యంత్రాలకు ఇచ్చినంత స్పష్టంగా మనుషులకు ఎవరూ ఇవ్వలేదు. డాలస్ కుర్రాళ్లు పోయిన శక్తిని వెనక్కి తెచ్చుకోవడానికి ఎనిమిది వారాలు క్రమంగా శ్రమించారు, పాత స్థాయిని దాటారు కూడా. మనం జూన్‌లో ఒక్క ఉదుటున షిఫ్టుల్లోకి, ఫైళ్లలోకి, అప్పుల్లోకి దిగిపోయాం. 'జ్వరం ఉందా' అని నుదుటికి తుపాకీలాంటి థర్మామీటరు పెట్టి గేటు దగ్గర అందరినీ అడిగారు. నిద్ర పడుతోందా అని ఎవరు అడిగారు? ట్యాంకు అడుగున పెట్టిన సాధనం లాంటిదే అదీ.

ఆ రోజుల బరువు ఇంకా దిగనివాళ్లు మన మధ్య ఉన్నారు. ఊపిరాడక పోయినవాళ్ల పిల్లలు, పని పోయాక మళ్లీ కుదురుకోనివాళ్లు, వెంకటాపురంలో ఇప్పటికీ ఘాటు వాసనకు ఉలిక్కిపడేవాళ్లు. 2022 అక్టోబరు నుంచి కేంద్రం టెలీ మానస్ అనే ఉచిత ఫోను సేవ నడుపుతోంది. నంబరు 14416. రాత్రీ పగలూ ఎప్పుడైనా చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. మీకు అక్కర లేకపోయినా ఫోనులో దాచి ఉంచండి, పక్కింటివాళ్లకు ఇవ్వడానికి.