క్రాప్ సెన్సర్ కెమెరాతో ప్రకృతి దృశ్యాలు: డబ్బు ఎక్కడ పెట్టాలో చెప్పే కాంతిశాస్త్రం

కడప జిల్లా జమ్మలమడుగుకు దగ్గరలోని గండికోట. ఎర్రమల కొండల మధ్య పెన్నా నది కోసుకున్న లోయ అంచుకు తెల్లవారకముందే సందర్శకులు చేరుకుంటారు. వారిలో ఇద్దరు ఫొటోగ్రాఫర్లు పక్కపక్కనే ట్రైపాడ్లు నిలబెట్టారనుకుందాం. ఒకరిది ఖరీదైన ఫుల్‌ఫ్రేమ్ కెమెరా. రెండోవారిది అందులో సగం ధర కూడా లేని క్రాప్ సెన్సర్ కెమెరా. ఇద్దరికీ కావలసింది ఒకే చిత్రం. ముందు మీటరు దూరంలో ఉన్న ఎర్రబండ నుంచి అవతలి కొండచరియ దాకా అన్నీ స్పష్టంగా కనిపించాలి. ఇంటికి వెళ్లి కంప్యూటర్‌లో చూసుకుంటే ఆ రెండు చిత్రాల మధ్య ఎంత తేడా ఉంటుంది?

మొదటి కెమెరా కొనేవారిలో చాలామంది ఈ ప్రశ్న వేసుకోరు. సెన్సర్ ఎంత పెద్దదైతే ఫొటో అంత బాగుంటుందన్న మాట విని, ఉన్న డబ్బంతా కెమెరా బాడీకే పెడతారు. లెన్స్ దగ్గరికి, ట్రైపాడ్ దగ్గరికి వచ్చేసరికి సర్దుకుపోతారు. ప్రకృతి దృశ్యాల ఫొటోగ్రఫీకి సంబంధించినంత వరకు ఇది తరచూ తలకిందుల నిర్ణయమే అవుతుంది. కారణం ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలోని కాంతి పాఠాల్లోనే ఉంది.

కొలతలు ఎక్కడి నుంచి వచ్చాయి?

ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ కొలత 36×24 మి.మీ. ఇది డిజిటల్ యుగంలో పుట్టిన కొలత కాదు. జర్మనీకి చెందిన ఆస్కార్ బర్నాక్ సినిమా ఫిల్మ్‌ను చిన్న కెమెరాలో వాడుతూ, సినిమా ఫ్రేమును రెట్టింపు చేసి ఈ కొలత తీసుకున్నాడు. ఆ కెమెరా 1925లో లైకా పేరుతో మార్కెట్‌లోకి వచ్చింది. క్రాప్ సెన్సర్‌కు వాడే ఏపీఎస్-సీ అన్న పేరు 1996లో వచ్చిన మరో ఫిల్మ్ పద్ధతి నుంచి తీసుకున్నది. నికాన్, సోనీ, ఫ్యూజిఫిల్మ్ కెమెరాల్లో ఇది దాదాపు 23.5×15.6 మి.మీ. ఉంటుంది. కెనాన్ కెమెరాల్లో ఇంకాస్త చిన్నది.

ఫుల్‌ఫ్రేమ్ కర్ణాన్ని క్రాప్ సెన్సర్ కర్ణంతో భాగిస్తే సుమారు 1.5 వస్తుంది (కెనాన్‌కు 1.6). దీన్నే క్రాప్ ఫ్యాక్టర్ అంటారు. 16 మి.మీ. లెన్స్‌ను క్రాప్ కెమెరాకు బిగిస్తే అడ్డంగా సుమారు 73 డిగ్రీల దృశ్యం పడుతుంది. ఫుల్‌ఫ్రేమ్‌పై అంతే దృశ్యం పట్టాలంటే 24 మి.మీ. లెన్స్ కావాలి.

ఇక్కడ ఒక అపోహ ఉంది. క్రాప్ సెన్సర్ కోసమే తయారైన లెన్స్‌పై 18 అని రాసి ఉంటే దాన్ని మళ్లీ 1.5తో గుణించనక్కర్లేదని కొందరు అనుకుంటారు. లెన్స్‌పై ఉండేది ఎప్పుడూ దాని నిజమైన నాభ్యంతరమే. ఫుల్‌ఫ్రేమ్‌తో పోల్చేటప్పుడు ఏ లెన్స్‌నైనా గుణించాల్సిందే. ఇది తెలియక ఫుల్‌ఫ్రేమ్ 24-70 మి.మీ. లెన్స్ కొని క్రాప్ కెమెరాకు తగిలిస్తే అది 36-105లా పనిచేస్తుంది. వెడల్పైన దృశ్యం కోసం పెట్టిన డబ్బుకు వెడల్పే రాదు.

వానలో పెట్టిన పళ్లెం

పెద్ద సెన్సర్ వల్ల నిజమైన లాభం ఒకటుంది. కాంతి ఫోటాన్ల రూపంలో వానచినుకుల్లా పడుతుంది. ఆరుబయట పెట్టిన చిన్న గిన్నెలో కన్నా పెద్ద పళ్లెంలో ఎక్కువ చినుకులు పడతాయి. ఫుల్‌ఫ్రేమ్ విస్తీర్ణం 864 చదరపు మి.మీ., క్రాప్ సెన్సర్‌ది సుమారు 367. అంటే ఒకే అపెర్చర్‌తో, ఒకే సమయంలో ఫుల్‌ఫ్రేమ్‌కు దాదాపు 2.4 రెట్లు కాంతి అందుతుంది.

చినుకుల్లాగే ఫోటాన్లు కూడా లెక్కగా పడవు. సగటున 10,000 ఫోటాన్లు పడే చోట ఆ సంఖ్య అటూ ఇటూ 100 దాకా మారుతుంటుంది. అంటే ఒక శాతం హెచ్చుతగ్గు. 24,000 పడితే హెచ్చుతగ్గు సుమారు 155, అంటే 0.65 శాతమే. నీడల్లో గింజలు గింజలుగా కనిపించే నాయిస్‌కు ప్రధాన కారణం ఇదే. పెద్ద సెన్సర్ ఫొటో శుభ్రంగా కనిపించడం భ్రమ కాదు. అయితే ఆ లాభం ఒకే అపెర్చర్‌లో తీసినప్పటి మాట. గండికోట దృశ్యానికి ఆ షరతు నిలవదు.

2 మి.మీ. రంధ్రం

దగ్గరి బండ, దూరపు కొండ రెండూ స్పష్టంగా రావాలంటే అపెర్చర్‌ను చిన్నది చేయాలి. క్రాప్ కెమెరాపై 16 మి.మీ. లెన్స్‌ను ఎఫ్/8లో ఉంచి, 1.6 మీటర్ల దూరానికి ఫోకస్ చేస్తే సుమారు 80 సెం.మీ. నుంచి అనంతం దాకా స్పష్టంగా ఉంటుంది. ఈ ఫోకస్ దూరాన్ని హైపర్‌ఫోకల్ దూరం అంటారు. సెన్సర్‌పై 0.02 మి.మీ. మసక వరకు కంటికి తెలియదన్న అంచనాతో వేసిన లెక్క ఇది.

ఫుల్‌ఫ్రేమ్‌పై 24 మి.మీ. లెన్స్‌ను అదే ఎఫ్/8లో వాడితే స్పష్టత 1.2 మీటర్ల నుంచే మొదలవుతుంది. మీటరు దూరంలోని బండ కాస్త మసకబారుతుంది. దాన్ని కూడా క్రాప్ కెమెరా స్థాయిలో స్పష్టంగా పట్టాలంటే ఎఫ్/12 దాకా మూయాలి. ఇప్పుడు రెండు లెన్సుల్లో కాంతి ప్రవేశించే రంధ్రాల వ్యాసం చూస్తే, 16ను 8తో భాగించినా, 24ను 12తో భాగించినా 2 మి.మీ. వస్తుంది. ఒకే సైజు రంధ్రం, ఒకే కోణం, ఒకే షట్టర్ సమయం. లోపలికి వచ్చే ఫోటాన్ల సంఖ్య కూడా దాదాపు ఒకటే. పళ్లెం పెద్దదే, కానీ దానిపై పడే వాన పలచబడింది. గాలికి గడ్డి ఊగుతూ షట్టర్ సమయం పెంచలేని పరిస్థితిలో ఆ రెండు కెమెరాల నాయిస్‌లో చెప్పుకోదగ్గ తేడా ఉండదు.

గాలి లేకపోతే ఫుల్‌ఫ్రేమ్ ఫొటోగ్రాఫర్ షట్టర్ సమయాన్ని రెట్టింపు పైగా పెంచుకుని, అదనపు కాంతి పట్టవచ్చు. అప్పుడు నీడలు మెరుగ్గా వస్తాయి. పక్కనున్న వ్యక్తి అదే సమయంలో రెండు మూడు ఫ్రేములు తీసి, కంప్యూటర్‌లో వాటి సగటు తీసుకుంటే దాదాపు అదే ఫలితం పొందవచ్చు. రెంటికీ కావలసింది కదలని ట్రైపాడ్.

ఎంతవరకు మూయవచ్చు?

అపెర్చర్‌ను మూసేకొద్దీ స్పష్టత పెరుగుతూనే ఉంటుందా అంటే, లేదు. సన్నని రంధ్రం గుండా వెళ్లిన కాంతి పక్కలకు విస్తరిస్తుంది. దీన్నే వివర్తనం అంటారు. అందువల్ల ఒక చుక్క సెన్సర్‌పై చుక్కలా కాక చిన్న బిళ్లలా పడుతుంది. ఈ బిళ్ల సైజును 1835లో లెక్కగట్టిన బ్రిటిష్ శాస్త్రవేత్త జార్జ్ ఎయిరీ పేరుతో దాన్ని ఎయిరీ డిస్క్ అని పిలుస్తారు. దాని వ్యాసం కోసం తరంగదైర్ఘ్యాన్ని ఎఫ్ సంఖ్యతో, మళ్లీ 2.44తో గుణిస్తే చాలు. ఆకుపచ్చ కాంతికి ఎఫ్/8 దగ్గర ఇది సుమారు 10.7 మైక్రాన్లు, ఎఫ్/16 దగ్గర 21.5 మైక్రాన్లు.

24 మెగాపిక్సెల్ క్రాప్ సెన్సర్‌లో ఒక్కో పిక్సెల్ వెడల్పు సుమారు 3.9 మైక్రాన్లు. ఎఫ్/8 దగ్గర ఎయిరీ డిస్క్ మూడు పిక్సెళ్లలోపే ఉంటుంది. ఎఫ్/16 దగ్గర ఐదున్నర పిక్సెళ్ల మీదకు పాకుతుంది, రాళ్ల గరుకుతనం మెత్తబడుతుంది. అందుకే క్రాప్ కెమెరాతో ప్రకృతి దృశ్యాలు తీసేవారికి ఎఫ్/5.6 నుంచి ఎఫ్/8 అనువైన పరిధి. అవసరమైతే ఎఫ్/11 వరకు వెళ్లవచ్చు. పువ్వు అరమీటరులో ఉండి, అపెర్చర్ ఎంత మూసినా చాలకపోతే, దగ్గరికొకటి, దూరానికొకటి ఫోకస్ చేసి తీసిన రెండు ఫ్రేములను కలపడం మేలు.

ఈ పరిధికి మరో అర్థం కూడా ఉంది. ఎఫ్/2.8 జూమ్ లెన్సుల ధర, బరువు చాలావరకు ఆ పెద్ద రంధ్రం కోసమే. ఎప్పుడూ ఎఫ్/8లో తీసేవారు వాడని రంధ్రానికి డబ్బు కట్టినట్టు. ఉదాహరణకు కెనాన్ క్రాప్ కెమెరాల కోసం చేసిన 10-18 మి.మీ. ఈఎఫ్-ఎస్ లెన్స్ బరువు 240 గ్రాములు. దానికి దగ్గరి పరిధి ఉన్న ఫుల్‌ఫ్రేమ్ 16-35 మి.మీ. ఎఫ్/4 లెన్స్ బరువు 615 గ్రాములు. కొండెక్కేవారికి ఈ తేడా భుజం మీదే తెలుస్తుంది.

ఏ లెన్సులు కావాలి?

కెమెరాతో వచ్చే 18-55 మి.మీ. కిట్ లెన్స్‌ను తక్కువగా చూడనక్కర్లేదు. ఎఫ్/8 దగ్గర దాని లోపాలు చాలావరకు తగ్గిపోతాయి. 24 మెగాపిక్సెళ్ల చిత్రాన్ని అంగుళానికి 300 చుక్కల చొప్పున 20×13 అంగుళాల సైజులో ప్రింట్ తీయవచ్చు.

రెండో లెన్స్‌గా 10 మి.మీ. దగ్గర మొదలయ్యే అల్ట్రావైడ్ జూమ్ ఉపయోగపడుతుంది. 10 మి.మీ. దగ్గర సుమారు 99 డిగ్రీల దృశ్యం పడుతుంది. కొనేముందు అది అవసరమో కాదో ఫోన్‌తోనే తేల్చుకోవచ్చు. చాలా ఫోన్లలో ప్రధాన కెమెరా ఫుల్‌ఫ్రేమ్ లెక్కలో 24-26 మి.మీ.కు, అంటే క్రాప్ కెమెరాపై 16-17 మి.మీ.కు సమానం. ఫోన్‌లో అల్ట్రావైడ్ బటన్ పదే పదే నొక్కేవారికే 10 మి.మీ. లెన్స్ అక్కరకొస్తుంది.

మూడోది 55-250 లాంటి టెలిఫొటో. పొరలు పొరలుగా కనిపించే దూరపు కొండలకు ఇది బాగుంటుంది. క్రాప్ కెమెరాపై 250 మి.మీ. ఫుల్‌ఫ్రేమ్‌లోని 375 మి.మీ.తో సమానం కాబట్టి ఇక్కడ చిన్న సెన్సర్‌దే పైచేయి.

తనకు కావలసిన అల్ట్రావైడ్ ఏ మౌంట్‌లో అందుబాటు ధరకు దొరుకుతుందో చూసి, ఆ తర్వాత బాడీ ఎంచుకోవడం మంచిది. సెకండ్ హ్యాండ్ లెన్స్ కొంటుంటే వెలుతురుకు ఎదురుగా పట్టుకుని లోపల ఫంగస్ ఉందేమో చూడాలి. తేమ ఎక్కువగా ఉండే తీరప్రాంతాల్లో ఇది మామూలు సమస్య. గట్టిగా మూసే డబ్బాలో సిలికా జెల్ వేసి లెన్సులు ఉంచితే దాన్ని చాలావరకు నివారించవచ్చు.

ఫుల్‌ఫ్రేమ్ అవసరమయ్యే చోటు

నక్షత్రాల దగ్గర మాత్రం లెక్క మారుతుంది. భూభ్రమణం వల్ల ఆకాశం 4 నిమిషాలకు ఒక డిగ్రీ చొప్పున కదులుతుంది. 16 మి.మీ. లెన్స్‌తో తీస్తే, ఖగోళ మధ్యరేఖ దగ్గరి నక్షత్రం మూడు సెకన్లకు కాస్త పైగా ఒక పిక్సెల్ దాటుతుంది. 20 సెకన్లు తెరిచి ఉంచితే ఆరు పిక్సెళ్ల గీత పడుతుంది. ఇక్కడ సమయం పెంచి కాంతి తెచ్చుకోలేరు. అన్నీ అనంత దూరంలోనే ఉంటాయి కాబట్టి అపెర్చర్ మూయనక్కర్లేదు. చీకటి ఆకాశానికి పేరుపడ్డ లద్దాఖ్‌లోని హన్లేలో పాలపుంత తీయడమే ప్రధాన లక్ష్యమైతే పెద్ద సెన్సర్, పెద్ద రంధ్రం రెండూ విలువైనవే. క్రాప్ కెమెరా ఉన్నవారికి ఎఫ్/1.4 లెన్స్ ఒక మార్గం. ఎఫ్/2.8తో పోలిస్తే అది నాలుగు రెట్లు కాంతిని లోపలికి పంపుతుంది.

పగటి దృశ్యాలే ప్రధానమైతే ఖర్చు క్రమం వేరుగా ఉండాలి. ముందు గాలికి ఊగని ట్రైపాడ్, తర్వాత అవసరమైన కోణానికి తగిన లెన్స్, ఆ తర్వాత నీటిపై, తడి ఆకులపై మెరుపును తగ్గించే పోలరైజర్ ఫిల్టర్. ఖర్చులేనిది మరొకటుంది, రా ఫైల్‌లో తీయడం. జేపెగ్ ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంచుకుంటే, 14 బిట్ రా ఫైల్ 16,384 మెట్లు ఉంచుకుంటుంది. వెలుగుతున్న ఆకాశం, ఇంకా నీడలోనే ఉన్న లోయ ఒకే ఫ్రేములో ఉన్నప్పుడు ఆ మెట్లన్నీ పనికొస్తాయి. మిగిలిన డబ్బుతో గండికోటకు ఇంకోసారి, మబ్బులున్న రోజు చూసి వెళ్లవచ్చు.