అద్దం పోయింది... ఆరాటం మిగిలింది
కొత్త కెమెరా కోసం పెళ్లి ఫొటోగ్రాఫర్ల ఎదురుచూపు
2018 నేర్పిన పాఠం ఇప్పటికీ పనికొస్తుంది

చందాపుర: తెల్లవారుజామున నాలుగున్నరకి ముహూర్తం. పంతులుగారు చేయెత్తగానే గట్టిమేళం మోగుతుంది. మూడు ముళ్లు పడటానికి అర నిమిషం చాలు. ఆ అర నిమిషంలో ఫొటో పడితే సరే సరి. పడకపోతే? 'ఇంకోసారి కట్టండి' అని అడగలేం కదా! అందుకే కొత్త కెమెరా వస్తోందంటే మిగతావాళ్లకు అది వార్త, పెళ్లి ఫొటోగ్రాఫర్లకు మాత్రం లెక్క. ఇప్పుడే కొనాలా, కొత్తది వచ్చేదాకా ఆగాలా? అప్పు చేయాలా, పాతదాంతోనే ఈ సీజన్ నెట్టుకురావాలా?

చందాపురకు ఒకవైపు ఎలక్ట్రానిక్ సిటీ, మరోవైపు అత్తిబెలె. అత్తిబెలె దాటితే తమిళనాడు. ఇక్కడ కెమెరా పట్టినవారికి మూడు భాషల పెళ్లిళ్లూ తెలిసుండాలి. ఆనేకల్‌లో కన్నడిగుల ధారె, హోసూరులో తమిళుల తాళి, రెండుచోట్లా ఉన్న మన తెలుగువాళ్ల జీలకర్రబెల్లం, తలంబ్రాలు. భాష ఏదైనా భయం ఒక్కటే... ఆ క్షణం జారిపోకూడదు!

అద్దం తీసేస్తే ఏమైంది?

డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరా లోపల చిన్న అద్దం ఉంటుంది. లెన్స్ నుంచి వచ్చే వెలుగును అది పైకి మళ్లించి కంటికి చూపిస్తుంది. బటన్ నొక్కగానే 'టక్'మంటూ పైకి లేస్తుంది. మిర్రర్‌లెస్‌లో ఈ అద్దమే లేదు. సెన్సర్‌కు కనిపించేదే చిన్న తెర మీద మన కంటికీ కనిపిస్తుంది. వెలుగు ఎక్కువైందో తక్కువైందో నొక్కకముందే తెలిసిపోతుంది. చప్పుడు లేకుండానూ తీయొచ్చు. లెన్సులు మార్చుకునే సౌకర్యం ఎలాగూ ఉంది.

ఈ తరహాలో మొదటిది పానసోనిక్ 2008లో తెచ్చిన జీ1. 2013లో సోనీ ఏ7తో ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ కూడా ఇందులోకి వచ్చింది. అయినా పెళ్లి ఫొటోలవాళ్లు చాలామంది కదల్లేదు. కారణం... వాళ్ల సంచిలో ఉన్నవి నికాన్, కానన్ లెన్సులు. ఆ కంపెనీలు ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్ ఎప్పుడు తెస్తాయా అని కళ్లు కాయలు కాచేలా చూశారు.

వచ్చింది... కానీ!

2018 జులైలో నికాన్ కబురు చెప్పింది. ఆగస్టు 23న జెడ్6, జెడ్7 కెమెరాలను ప్రకటించింది. 13 రోజుల తేడాతో సెప్టెంబరు 5న కానన్ ఈఓఎస్ ఆర్ వచ్చింది. ఇంకేం, పండగే అనుకున్నారు. వివరాలు చదివాక ఉసూరుమన్నారు. మూడింట్లోనూ మెమొరీ కార్డు పెట్టుకునే స్లాట్ ఒక్కటే!

పెళ్లి తీసేవారికి ఇది చిన్న విషయం కాదు. కార్డు ఎప్పుడు మొరాయిస్తుందో చెప్పలేం. రెండు స్లాట్లుంటే ప్రతి ఫొటో రెండుచోట్ల చేరుతుంది. ఒకటి పోయినా రెండోది కాపాడుతుంది. పాత నికాన్ డీ750లో, కానన్ 5డీ మార్క్-3లో రెండేసి ఉన్నాయి. అదే ఏడాది ఫిబ్రవరిలో సోనీ ప్రకటించిన ఏ7-3లోనూ ఉన్నాయి. పైగా బ్యాటరీ బెంగ ఒకటి. ప్రామాణిక పరీక్ష లెక్కన డీ750కి ఒక్క ఛార్జింగ్‌తో 1,230 ఫొటోలు. జెడ్6కి 310. వాడకంలో ఇంకా ఎక్కువే వస్తాయన్నా, రోజంతా సాగే పెళ్లికి అదనపు బ్యాటరీలు జేబులో ఉండాల్సిందే.

ఆగినవారికి ఒక లాభం మాత్రం దక్కింది. 2018 డిసెంబరులో జీఎస్టీ మండలి డిజిటల్ కెమెరాలపై పన్నును 28 నుంచి 18 శాతానికి తగ్గించింది. రెండు స్లాట్ల కోసం మాత్రం 2020 దాకా ఆగాల్సి వచ్చింది. కానన్ ఆర్6 జులైలో, నికాన్ జెడ్6-2 అక్టోబరులో వచ్చాయి. తీరా కోరుకున్న కెమెరా వచ్చేసరికి ఏముంది? కరోనా! పెళ్లికి 50 మందే అన్న ఆంక్షలు చూసిన ఏడాది అది. కెమెరా ఉంది, పెళ్లిసందడే లేదు.

లెన్సే అసలు ఆస్తి

కెమెరా నాలుగైదేళ్లకు పాతబడుతుంది. మంచి లెన్స్ పదేళ్లయినా అన్నం పెడుతుంది. నికాన్ 1959 నుంచి ఒకే తరహా మౌంట్‌ను నడిపించింది. అందులో లెన్స్ అంచుకు, సెన్సర్‌కు మధ్య దూరం 46.5 మిల్లీమీటర్లు. అద్దం పోయాక జెడ్ మౌంట్‌లో అది 16కు తగ్గింది. కానన్‌లో 44 నుంచి 20కి వచ్చింది. దాంతో పాత లెన్స్ నేరుగా కూర్చోదు, మధ్యలో అడాప్టర్ పెట్టాలి. కానన్ ఈఎఫ్ లెన్సులు దాంతో ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తాయి. నికాన్‌వారు మాత్రం చూసుకోవాలి. లోపల మోటారు లేని పాత ఏఎఫ్-డి లెన్సులకు కంపెనీ ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌తో ఆటోఫోకస్ రాదు. చేత్తో తిప్పుకోవాల్సిందే. తలంబ్రాల హడావుడిలో అది అయ్యే పనేనా?

ఆగేముందు ఇవి చూసుకోండి

* ఈ సీజన్‌లో ఒప్పుకున్న పెళ్లిళ్లెన్ని? పాత కెమెరా వాటిని గట్టెక్కిస్తుందా? గట్టెక్కించదనుకుంటే ఆగడమే నష్టం.
* కొనేందుకు ఆషాఢం, మూఢం రోజులు మేలు. ముహూర్తాలుండవు కాబట్టి చేయి అలవాటు చేసుకోవచ్చు. పెళ్లికి ముందురోజు కొత్త కెమెరా పెట్టె విప్పొద్దు.
* ముందు ఒక ఆరతక్షతెకు అద్దెకు తెచ్చి వాడి చూడండి. ఎల్‌ఈడీ దీపాల కింద చప్పుడు లేని షట్టర్ వాడితే ఫొటోలో చారలు పడొచ్చు. మంటపంలోనే తెలుస్తుంది ఆ సంగతి.
* పాతది అమ్మి కొనేవారు ఆలస్యం చేయొద్దు. కొత్త మోడల్ వచ్చిందంటే పాతదాని ధర దిగుతుంది.
* బాడీ ధర ఒక్కటే చూడొద్దు. అడాప్టర్, కార్డులు, బ్యాటరీలు కలిపి లెక్కేయండి.

ఎప్పటికైనా మారక తప్పదు. 2020 తర్వాత నికాన్, కానన్‌ల నుంచి కొత్త డీఎస్‌ఎల్‌ఆర్ రాలేదు. 2025 ఆగస్టులో పక్కనున్న బొమ్మసంద్రకు మెట్రో వచ్చాక నగరంలోని దుకాణాలకు వెళ్లి నాలుగు కెమెరాలు చేత్తో పట్టి చూసి రావడమూ తేలికైంది. చూడండి, బేరమాడండి, వీలైతే ఆగండి. పంతులుగారు చేయెత్తే వేళకు మాత్రం రాబోయే కెమెరా పనికిరాదు. మెడలో ఉన్నదే దిక్కు!