లైవ్ డిస్క్‌పై ఎమ్యులేషన్: హార్డ్ డిస్కును మార్చకుండా ఆపరేటింగ్ సిస్టమ్‌ల అభ్యాసం

ఆపరేటింగ్ సిస్టమ్ గురించి చదవడం వేరు, దాన్ని నడిపి చూడడం వేరు. దూరవిద్య విద్యార్థుల్లో సొంత కంప్యూటర్ లేనివారు అన్నదో, ఆఫీసుదో వాడుకోవలసి వస్తుంది. అందులో కొత్త సిస్టమ్‌ను ఇన్‌స్టాల్ చేయబోయి పొరపాటున పార్టిషన్ చెరిపేస్తే, పోయేది ఇతరుల సమాచారం. ఆ భయం లేకుండా ప్రయోగం చేసే పద్ధతిని ఈ భాగంలో తెలుసుకుందాం.

లైవ్ డిస్క్: సీడీ లేదా పెన్‌డ్రైవ్ నుంచే బూట్ అయ్యే పూర్తి సిస్టమ్ ఇది. క్లౌస్ క్నాపర్ 2000లో విడుదల చేసిన క్నాపిక్స్ ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. సీడీపై రాయడం కుదరదు కనుక, మనం చేసే మార్పులన్నీ ర్యామ్‌లో నిలుస్తాయి. కంప్యూటర్ ఆపగానే అవి చెరిగిపోతాయి.

ఎమ్యులేటర్: ఒక కంప్యూటర్‌లోని ప్రాసెసర్, మెమరీ, డిస్కులను సాఫ్ట్‌వేర్‌తో అనుకరించే ప్రోగ్రామ్ ఇది. ఫాబ్రిస్ బెల్లార్ 2003లో వెలువరించిన క్యూఎము ఈ కోవకు చెందినది. అతిథి సిస్టమ్ ఇచ్చే ఆదేశాలను ఇది అసలు ప్రాసెసర్‌కు తెలిసిన ఆదేశాలుగా అనువదిస్తుంది. అందుకే ఇంటెల్ యంత్రంపై ఆర్మ్ ప్రాసెసర్ కోసం రాసిన సిస్టమ్‌నూ నడపవచ్చు. అయితే అనువాదం వల్ల వేగం తగ్గుతుంది.

ఈ రెండింటినీ కలిపితే ఏమవుతుంది? లైవ్ డిస్క్‌తో బూట్ చేసి, అందులోని క్యూఎములో ఫ్రీడాస్ నడుపుతున్నామనుకోండి. ఫ్రీడాస్‌లో ఫార్మాట్ ఆదేశం ఇచ్చినా చెరిగేది కల్పిత డిస్కు మాత్రమే. ఆ డిస్కు నిజానికి ఒక ఇమేజ్ ఫైలు. స్నాప్‌షాట్ ఐచ్ఛికం వాడితే ఆ ఫైలు కూడా మారదు.

ఈ సౌకర్యానికి మూల్యం ర్యామ్. 2,048 మెగాబైట్ల ర్యామ్‌లో అతిథికి 1,536 కేటాయిస్తే, లైవ్ సిస్టమ్‌కు, తాత్కాలిక ఫైళ్లకు కలిపి 512 మాత్రమే మిగులుతాయి, అంతా స్తంభించవచ్చు. ఫ్రీడాస్‌కు 32 మెగాబైట్లు చాలు.

రెండు జాగ్రత్తలు పాటించండి. లైవ్ డిస్క్‌లో కనిపించే ‘ఇన్‌స్టాల్’ గుర్తును నొక్కవద్దు. అది అసలు హార్డ్ డిస్కుపై పనిచేస్తుంది. మీ అభ్యాస ఫలితాలను కంప్యూటర్ ఆపేముందే వేరే పెన్‌డ్రైవ్‌లో భద్రపరచుకోండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి: అతిథి సిస్టమ్‌లో డిస్కును ఫార్మాట్ చేసినా అసలు హార్డ్ డిస్కు ఎందుకు మారదు? రెండు కారణాలు రాయండి.